జరుగుతున్న వేళే అనుభవ నమోదు: రుద్రూర్ నాట్ల పనికి అన్వయం

నాట్లు ముగిసిన నెల తరువాత "పని ఎలా ఉండింది?" అని కూలీని అడిగితే లభించేది జ్ఞాపకం, ఆనాటి అనుభవం కాదు. ఈ లోపాన్ని అధిగమించడానికే 1970లలో మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్, రీడ్ లార్సన్ తదితరులు అనుభవ నమూనా పద్ధతిని రూపొందించారు. పేజర్ మోగినప్పుడల్లా పాల్గొన్నవారు తామేం చేస్తున్నదీ, తమకెలా అనిపిస్తున్నదీ అప్పుడే రాసేవారు. 2004లో డేనియల్ కానెమన్ బృందం ప్రతిపాదించిన దిన పునర్నిర్మాణ పద్ధతి ముందురోజును ఘట్టాలుగా విభజించి గుర్తు చేయిస్తుంది. భారత కాల వినియోగ సర్వే (2019) సైతం గడచిన 24 గంటలనే 30 నిమిషాల విభాగాలుగా అడిగింది. దాని వల్ల పని వ్యవధి తెలిసింది గాని, పని భారం తెలియలేదు.

వరి, చెరకు పండే రుద్రూర్ వంటి చోట క్షణానుభవ పద్ధతిని యథాతథంగా వాడితే కొత్త చిక్కు ఎదురవుతుంది. చేతులు బురదలో ఉన్న స్త్రీ ఫోను తీయలేదు. అంటే, సమాధానాలు లోపించేది యాదృచ్ఛికంగా కాదు. అత్యంత శ్రమతో కూడిన గంటలలోనే. మిగిలిన సమాధానాల సగటు పనిని ఉన్నదానికంటే తేలికగా చూపుతుంది. సద్ది తినే వేళ మాత్రమే అడిగినా ఫలితం అదే.

కాబట్టి ముందే నిర్ణయించిన యాదృచ్ఛిక సమయాలలో, సమ్మతితో, గట్టుమీద నిలిచి నోటిమాటగా ఒకటి రెండు ప్రశ్నలే అడగడం మేలు. గుత్త పనిలో ఒకరి ఆలస్యం ముఠా అంతటి కూలిని తగ్గిస్తుంది. ఆ నష్టం అధ్యయనం వల్ల కలగరాదు. జవాబు రాని ప్రతి సందర్భాన్నీ, అప్పటి పనితో సహా, నమోదు చేయాలి. ఆ ఖాళీ కూడా దత్తాంశమే.