ఒక గొంతుకు రెండు దారులు

1993 జూన్ 24న కాలిఫోర్నియాలోని జెరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో ‘సీవియర్ టైర్ డ్యామేజ్’ అనే రాక్ బృందం కచేరీ చేసింది. వాయించినవాళ్లు కంప్యూటర్ రంగంవాళ్లే. ఆ పాటలు ఎంబోన్ అనే ప్రయోగాత్మక నెట్‌వర్క్ మీదుగా ఆస్ట్రేలియా దాకా అప్పటికప్పుడు వినిపించాయి. బొమ్మ వెడల్పు 152 చుక్కలు, ఎత్తు 76. ధ్వని సరిగా అందని ఫోన్ కాల్ లాంటిది. అయినా ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష కచేరీ చేసిన తొలి బృందం అదే.

ఆనాటి చిక్కే ఈనాటికీ ఉంది. ఇంటర్నెట్‌లో సమాచారం ప్యాకెట్లనే చిన్న చిన్న పొట్లాలుగా ప్రయాణిస్తుంది. దారిలో కొన్ని తప్పిపోతాయి. ఫైలు పంపేటప్పుడైతే తప్పిపోయినదాన్ని మళ్లీ తెప్పించుకోవచ్చు. ఎదుటివాళ్లతో మాట్లాడుతుండగా అంతసేపు ఆగడం కుదరదు. త్వరగా అందాలా, చెక్కుచెదరకుండా అందాలా? లైవ్ చరిత్రంతా ఈ రెంటి మధ్య పెనుగులాటే.

1995లో వచ్చిన రియల్ ఆడియో, సెకనుకు 14.4 కిలోబిట్ల మోడెమ్ ఉన్న ఇంటికి కూడా ధ్వనిని చేర్చింది. తర్వాత మాక్రోమీడియా సంస్థ బ్రౌజర్‌లో వీడియోలు చూపే ఫ్లాష్ కోసం, ధ్వనినీ వీడియోనూ పంపే ఆర్‌టీఎంపీ పద్ధతిని తయారుచేసింది. 2011లో గూగుల్ వెబ్ఆర్‌టీసీ అనే సాంకేతికతను అందరికీ తెరిచాక, వేరే సాఫ్ట్‌వేర్ లేకుండా బ్రౌజర్‌లోనే ముఖాముఖి మాట్లాడుకునే వీలు కలిగింది. వేర్వేరు చోట్ల ఉన్నవాళ్ల సంభాషణను బ్రౌజర్‌లోనే రికార్డు చేసి ప్రసారం చేసే ఆన్‌లైన్ రికార్డింగ్ స్టూడియోకు పునాది అక్కడ పడింది.

ఈ స్టూడియో తెలివంతా ఆ పెనుగులాటలో రెంటినీ వదులుకోకపోవడంలో ఉంది. హైదరాబాద్‌లో యాంకర్, డాలస్‌లో అతిథి కూర్చున్నారనుకుందాం. అతిథి గొంతును కంప్యూటర్ సెకనుకు 48,000 సార్లు కొలుస్తుంది. ఆ కొలతలు రెండు దారులు పడతాయి. మొదటి దారిలో ఓపస్ కోడెక్ సాధారణంగా 20 మిల్లీసెకన్ల మాటను, అంటే 960 కొలతలను, ఒక్కో పొట్లంగా కుదిస్తుంది. సెకనుకు 50 పొట్లాలు బయల్దేరతాయి. ఒకటి రాకపోతే వినేవైపు ఉన్న కోడెక్ అంతకుముందు వచ్చినదాన్ని బట్టి ఖాళీని పూరిస్తుంది. నెట్ బలహీనమైనప్పుడు గొంతు ముక్కలైనట్టు వినిపించేది అందుకే. రెండో దారిలో అదే గొంతు అతిథి కంప్యూటర్‌లోనే రికార్డవుతూ, తొందర లేకుండా సర్వర్‌కు చేరుతుంది. కుదించని 16 బిట్ల మోనో ధ్వని అయితే నిమిషానికి సుమారు 5.8 మెగాబైట్లు. నెట్ తడబడినా ఈ ప్రతి చెడదు.

ప్రేక్షకులకు వెళ్లేది మొదటి దారిలో వచ్చిన గొంతే. స్టూడియో సర్వర్ అందరినీ ఒకే తెర మీదికి కూర్చి, చాలావరకు ఆర్‌టీఎంపీ ద్వారానే యూట్యూబ్‌కు పంపుతుంది. ఫ్లాష్ 2020తో ముగిసినా, దానికోసం వేసిన దారి మిగిలింది. యూట్యూబ్ ఆ వీడియోను చిన్న చిన్న ముక్కలుగా కోసి పంచుతుంది కాబట్టి చూసేవారికి కొన్ని సెకన్లు ఆలస్యమవుతుంది. ప్రశ్న అడిగిన యాంకర్ కామెంట్ల కోసం కాస్త ఆగాలి.

ఇదంతా అమర్చుకోవడం కష్టం కాదు. కొత్త ఛానల్‌లో లైవ్‌కు అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. ముందురోజే ఆ పని చూసుకోండి. యూట్యూబ్ ఇచ్చే సర్వర్ చిరునామాను, స్ట్రీమ్ కీని స్టూడియోలో పేస్ట్ చేయండి. ఆ కీ ఇంటి తాళంచెవి లాంటిది, స్క్రీన్ షేర్‌లో కనబడనివ్వకండి. అందరూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి. లేకపోతే స్పీకర్లోంచి వచ్చిన మాట మళ్లీ మైకులో దూరుతుంది. ప్రసారం ముగియగానే అతిథికి వీడ్కోలు చెప్పేయకండి. రెండో దారిలో ఆయన గొంతు ఇంకా ప్రయాణంలోనే ఉండవచ్చు. అప్‌లోడ్ పూర్తయిందని తెరమీద కనబడేదాకా ట్యాబ్ మూయవద్దని చెప్పండి.