ఓడలు విడిచిన రేవు భీమునిపట్నం

భిలాయి ఉక్కునగరంలోని సెక్టర్ 2 వంటి పేటలలో తెలుగు మాట కొత్తది కాదు. అక్కడి తెలుగు కుటుంబాలలో అనేకం ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవే. వారు స్వస్థలాలకు పోయివచ్చే రైలుమార్గానికీ, సముద్రతీరాన ఒక పాత రేవు వెలవెలబోవడానికీ సంబంధమున్నదంటే పాఠకులకు ఆశ్చర్యం కలుగవచ్చు. ఆ రేవు భీమునిపట్నం. జనుల నోట భీమిలి.

విశాఖపట్నానికి ఈశాన్యంగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనీ నది సాగరంలో కలిసే చోట ఈ పట్టణం వెలసినది. పాండవులలో రెండవవాడైన భీముడు బకాసురుని ఇక్కడనే వధించాడని స్థలపురాణం. ఊరికి ఆనుకొని ఉన్న పావురాళ్లకొండ మరొక కథ చెబుతుంది. క్రీస్తుకు పూర్వమే అక్కడ బౌద్ధ భిక్షువులు నివసించారు. వాననీటిని నిలువ చేసుకొనేందుకు వారు రాతిలో తొలిచిన తొట్లు నేటికీ కనిపిస్తాయి. ఆ కొండమీదనే నరసింహస్వామి ఆలయమూ ఉన్నది.

17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం నెలకొల్పారు. తెలుగు నేతగాండ్ర వస్త్రాలే వారిని ఈ తీరానికి రప్పించినవి. 1824లో జరిగిన ఆంగ్లో-డచ్చి ఒడంబడిక ననుసరించి 1825లో పట్టణం ఆంగ్లేయుల వశమైనది. డచ్చివారి గుర్తుగా మిగిలినవి ముఖ్యంగా సమాధులే. వాటి ఫలకాలమీద చెక్కిన అక్షరాలు, స్వదేశానికి తిరిగి చేరని వర్తకుల కథను మౌనంగా వినిపిస్తాయి.

ఆంగ్లేయుల కాలంలో రేవు మరింత వృద్ధి చెందినది. 1861లోనే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడినది. దేశంలోని తొలి పురపాలక సంఘాలలో ఇది ఒకటి. ఓడలు తీరానికి ఎడంగా లంగరు వేయగా, పడవలు సరుకులను చేరవేసేవి. వాటిలో ముఖ్యమైనది గోగునార. మన పెరళ్లలో పెరిగే గోంగూరకు దగ్గరి చుట్టమైన ఈ మొక్క నారకు విదేశీ విపణులలో ‘బింలిపటాం జనుము’ అన్న పేరు స్థిరపడినది. భీమిలిని చూడని దేశాలవారు కూడా ఆ విధంగా దాని పేరు పలికారు. సమీపంలోని చిట్టివలసలో గోనెసంచుల మిల్లు వెలసినదీ ఈ నార చలవవల్లనే. ఆ మిల్లు 2009లో మూతపడినది.

మరి రేవు ఎందుకు క్షీణించినది? 1890ల దశకంలో వచ్చిన కోస్తా రైలుమార్గం భీమిలిని తాకక, లోపలగా విజయనగరం మీదుగా సాగినది. 1931లో రాయపూర్-విజయనగరం మార్గం పూర్తయినది. 1933లో విశాఖపట్నంలో కొత్త నౌకాశ్రయం ప్రారంభమైనది. మధ్య పరగణాల సరుకు నేరుగా విశాఖకు చేరసాగినది. అక్కడ ఓడ గట్టుకే వచ్చి నిలుస్తుంది. రైలు ఓడ దగ్గరకే వస్తుంది. పడవలమీద ఆధారపడిన రేవు ఈ పోటీకి ఎట్లా తట్టుకోగలదు?

1955లో సోవియట్ దేశంతో కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయిలో ఉక్కు కర్మాగారం వెలసినది. 1959లో తొలి కొలిమి ప్రారంభమైనది. ఉత్తరాంధ్ర శ్రామికులు ఎందరో ఆ రాయపూర్ మార్గం మీదుగానే అక్కడికి తరలివెళ్లారు. భీమిలి సరుకును దారి మళ్లించిన పట్టాలే ఆ ప్రాంతపు బిడ్డలకు జీవనోపాధి చూపినవి. 2024 నుంచి దుర్గ్-విశాఖపట్నం వందే భారత్ రైలు కూడా ఈ మార్గంలోనే నడుస్తున్నది.

నేడు విశాఖ మహానగరంలో భాగమైన భీమిలిని చూడదలచినవారు సముద్రపు ఒడ్డున సాగే రహదారిని ఎంచుకొనుట మేలు. దారిలో తొట్లకొండ, బావికొండల బౌద్ధ శిథిలాలు ఉన్నవి. ఊరు సమీపించే ముందు ఎర్రమట్టి దిబ్బలు దర్శనమిస్తాయి. సముద్రమట్టపు హెచ్చుతగ్గులూ, గాలీ, వానా వేలాది సంవత్సరాలుగా తీర్చిన ఈ దిబ్బల వంటివి దక్షిణాసియాలో మరి తమిళనాడులోనూ, శ్రీలంకలోనూ మాత్రమే ఉన్నవి. 2025లో వీటికి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చోటు దక్కినది. అయినా తవ్వకాలవల్ల కొంత భాగం ఇప్పటికే దెబ్బతిన్నది. ఊరిలో గడియార స్తంభం, దీపస్తంభం, పాత చర్చి, డచ్చివారి సమాధులు నడచి చూడదగినంత దగ్గరగానే ఉన్నవి.

ఓడలు వెళ్లిపోయినందువల్లనే భీమిలి పాత రూపం కొంతైనా నిలిచినది. ఇప్పుడు నగరం విస్తరిస్తూ దాని గుమ్మంలోకి వచ్చినది. మిగిలిన సమాధులనూ, దిబ్బలనూ కాపాడుకొనవలసిన సమయమిదే. రేవు పోతే మరొక రేవు కట్టుకొనవచ్చును. ఎర్రమట్టి దిబ్బను తిరిగి కట్టగలవారెవరూ లేరు.