ఆపరేటరు లేని టెలిఫోను

రెండు ఇండ్ల నడుమ సంభాషణకు ఒక జత తీగలు చాలును. పది ఇండ్లవారు ఒకరితో నొకరు మాటాడుకొనవలెనని ప్రతి ఇంటినుండి ప్రతి ఇంటికిని తీగలు లాగినచో 45 జతలు కావలెను. నూరిండ్లకు 4,950 జతలు. పదివేల ఇండ్లకు దాదాపు ఐదు కోట్లు! ఇది బడిపిల్లలు సైతము వేయగల లెక్క. అందుచేతనే, 1876లో అలెగ్జాండర్ గ్రాహంబెల్ టెలిఫోనుకు పేటెంటు పొందిన రెండేండ్లలోపుననే, 1878 జనవరిలో అమెరికాలోని న్యూహేవెన్ నగరమున మొదటి వాణిజ్య ఎక్స్ఛేంజి వెలసెను. ఇరువది యొక్కరు చందాదారుల తీగలన్నియు ఒకే గదికి చేరెను. ఎవరికెవరు కావలెనో అడిగి తెలిసికొని, వారి తీగలను చేతితో కలుపుటకు ఆ గదిలో ఒక మనిషి కూర్చుండెను.

ఆ మనిషియే ఆపరేటరు. మొదట తంతి కార్యాలయములలోని కుర్రవాండ్రను ఈ పనికి పెట్టిరి. వారు చందాదారులతో దురుసుగా మాటాడుచుండుటచే, 1878 సెప్టెంబరు 1వ తేదీన బోస్టన్‌లో ఎమ్మా నట్ అను యువతిని నియమించిరి. అది మొదలు ఎక్స్ఛేంజి యన్నచో ఒక స్త్రీ కంఠమే జనులకు స్ఫురించుచుండెను. చిన్న ఊళ్లలో ఆ కంఠమునకు తెలియని విషయము లేదు. వైద్యుడు ఇంట లేనిచో ఏ యింటనున్నాడో చెప్పి అక్కడికే కలుపగలదు. ఎవరు ఎవరితో ఎంతసేపు మాటాడిరో ఎరుగును; తలచుకొన్నచో ఏమి మాటాడిరో కూడ వినగలదు. ఇంతటి సౌకర్యమును ఇంతటి అధికారమును ఒకే చేతిలో నుండుట అందరికిని రుచింపలేదు.

రుచింపనివారిలో మిస్సోరి రాష్ట్రములోని కాన్సస్ సిటీకి చెందిన ఆల్మన్ బ్రౌన్ స్ట్రోజర్ ఒకడు. శవపేటికలు సమకూర్చి అంత్యక్రియల ఏర్పాట్లు చూచుట ఆయన వృత్తి. తనకు రావలసిన పిలుపులు పోటీదారునకు పోవుచున్నవని ఆయనకు అనుమానము కలిగెను. ఆ పోటీదారుని భార్యయే ఎక్స్ఛేంజిలో ఆపరేటరని ఒక కథ గలదు. అది నోటినుండి నోటికి పెరిగిన కథయే కావచ్చును. కాని ఆ వృత్తిలో తప్పిపోయిన పిలుపు మరల రాదు. ఆపరేటరుపై ఫిర్యాదు చేసి ఊరకుండక, ఆపరేటరే అక్కరలేని ఎక్స్ఛేంజిని నిర్మింపవలెనని స్ట్రోజర్ నిశ్చయించుకొనెను.

ఆయన మొదటి నమూనాను చొక్కా కాలర్లు దాచుకొను గుండ్రని పెట్టెతోను గుండుసూదులతోను చేసెనని చెప్పుదురు. పది వరుసలు, వరుసకు పదేసి సూదులు. ఒక్కొక్క సూది ఒక్కొక్క చందాదారు. నడుమనున్న కడ్డీకి ఒక చేయి అమర్చి, దానిని కావలసినంత పైకెత్తి, పిదప కావలసినంత ప్రక్కకు త్రిప్పినచో నూటిలో ఏ సూదినైనను తాకవచ్చును. గ్రంథాలయములో ‘ఐదవ అర, ఏడవ పుస్తకము’ అని చెప్పినట్లే ఇదియును. 1889 మార్చిలో దరఖాస్తు పెట్టగా 1891 మార్చి 10వ తేదీన 447,918వ నంబరు పేటెంటు లభించెను. 1892 నవంబరు 3వ తేదీన ఇండియానా రాష్ట్రములోని లా పోర్ట్ అను చిన్న పట్టణమున, సుమారు 75 మంది చందాదారులతో, ఈ పద్ధతి ననుసరించిన మొదటి ఎక్స్ఛేంజి ప్రారంభమయ్యెను.

అప్పటికి డయలు లేదు. 47 కావలసినవాడు పదుల మీటను నాలుగుసార్లు, ఒకట్ల మీటను ఏడుసార్లు లెక్క తప్పకుండ నొక్కవలెను. ఆ మీటల కొరకు ప్రతి ఇంటికిని అదనపు తీగలు లాగవలసి వచ్చెను. వేలు పెట్టి త్రిప్పు డయలును 1896లో స్ట్రోజర్ కంపెనీలోని కీత్, ఎరిక్‌సన్ సోదరులు రూపొందించిరి. కొంత కాలమునకు, మాటకును నంబరుకును ఒకే జత తీగలు చాలు విధానము సిద్ధమయ్యెను. పెక్కు దేశములలో పలు దశాబ్దములు పనిచేసినది ఆ విధానమే.

దాని మూలసూత్రము మిక్కిలి సరళము. ఇనుప కడ్డీకి రాగి తీగ చుట్టి విద్యుత్తు పంపినచో అది అయస్కాంతమగును. విద్యుత్తు ఆగినంతనే ఆ గుణము పోవును. అయస్కాంతము తన యెదుటనున్న ఇనుప రేకును లాగును. ఆ రేకునకు తగిలించిన కొక్కెము, స్విచ్చి కడ్డీకి చెక్కిన పండ్లలో నొకదానిని పట్టి కడ్డీని ఒక్క మెట్టు పైకి నెట్టును. విద్యుత్తు ఆగగనే రేకు వెనుకకు పోవును గాని, వేరొక కొక్కెము పట్టియుంచుటచే కడ్డీ క్రిందికి జారదు. కడ్డీని పైకెత్తుటకు ఒక అయస్కాంతము, ప్రక్కకు త్రిప్పుటకు ఒకటి, మాట ముగిసిన పిదప కొక్కెములను విడిపించి కడ్డీని యథాస్థానమునకు పంపుటకు మరియొకటి ఉండును.

ఇంతవరకు ఇది గడియారము బాగుచేయువాడు కూడ ఊహింపగల పని. అసలు చిక్కు వేరొకచోట నున్నది. చందాదారు రిసీవరు ఎత్తగనే అతని తీగల జత కలిసి విద్యుద్వలయము పూర్తియగును. ఎక్స్ఛేంజిలో ఒక అన్వేషక స్విచ్చి ఆ తీగను వెదకి పట్టుకొని, ఖాళీగా నున్న మొదటి సెలెక్టరునకు కలుపును. డయలు ధ్వని వినవచ్చును. అతడు డయలును త్రిప్పుచున్నంతసేపు ఏ సంకేతమును పోదు. వేలు తీయగనే స్ప్రింగు డయలును వెనుకకు లాగును. అప్పుడే వలయము తెగి కలిసి, తెగి కలియుచుండును. 3కు మూడు తెంపులు, 5కు ఐదు, సున్నకు పది. సెకనుకు పది తెంపుల వేగము. మాట పోవుటకు విద్యుత్తు ప్రవహింపవలెను. నంబరు పోవుటకు అది ఆగవలెను!

కాని రిసీవరు పెట్టివేసినపుడును వలయము తెగును గదా? ఒక తెంపు అంకెలోని భాగమో, సంభాషణకు ముగింపో ప్రాణములేని ఇనుము ఎట్లు గుర్తింపగలదు? అంతియే కాదు. మూడు తెంపుల పిమ్మట ఐదు తెంపులు వచ్చినచో అవి 3, 5 అను రెండంకెలని గాని, ఎనిమిది యను ఒక్క అంకె కాదని గాని దానికి ఎవరు చెప్పవలెను?

కాలవ్యవధియే చెప్పును. ప్రతి సెలెక్టరులోను ఎ, బి, సి అని ఇంజనీర్లు పేరిడిన మూడు రిలేలు ఉండును. ఎ చురుకైనది, తీగ తెగినపుడెల్ల పడును, కలిసినపుడెల్ల లేచును. బి మందమైనది. ఒక అంకెలోని తెంపు సెకనులో సుమారు పదునైదవ వంతు మాత్రమే ఉండును. అంత స్వల్పకాలమున బి పడిపోజాలదు. తెంపు దీర్ఘమైనపుడు మాత్రమే అది పడును. పడినచో రిసీవరు పెట్టివేసిరని యర్థము, కడ్డీలన్నియు విడివడును. సి కూడ మందమైనదే. మొదటి తెంపుతో లేచి, తెంపులు వరుసగా వచ్చుచున్నంతసేపు నిలిచియుండి, అవి ఆగిన కొంచెము సేపటికి పడును. అది పడుటయే అంకె ముగిసినదనుటకు గురుతు.

ఈ మందత్వమును కల్పించిన ఉపాయము విద్యార్థులు ప్రత్యేకముగ గమనింపదగినది. బి, సి రిలేల ఇనుప కడ్డీకి దళసరి రాగి కడియము తొడుగుదురు. చుట్టలో విద్యుత్తు ఆగి అయస్కాంత బలము తగ్గనారంభించగనే, ఆ మార్పువలన కడియములో విద్యుత్తు పుట్టును. 1834లో లెంజ్ చెప్పిన సూత్రము ప్రకారము, ఆ విద్యుత్తు తన పుట్టుకకు కారణమైన మార్పునే ఎదిరించును. అనగా పోవుచున్న అయస్కాంత బలమును మరికొంతసేపు పట్టియుంచును. పరీక్షలకై వల్లెవేయు ఆ సూత్రము ప్రతి స్ట్రోజర్ ఎక్స్ఛేంజిలోను రాత్రింబవళ్లు ఈ విధముగ పనిచేయుచుండెను. గడియారము లేదు, లెక్కించు సాధనము లేదు. కాలమును కొలుచుటకు రాగి కడియమే ఆధారము.

ఇక 3582 అను నంబరు ప్రయాణమును చూడవచ్చును. 3కు మొదటి సెలెక్టరు కడ్డీ మూడు మెట్లు ఎక్కును. సి పడగనే ఆ కడ్డీ తనంతట తాను ప్రక్కకు తిరుగుచు, మూడువేల వరుసకు పోవు పది మార్గములలో ఖాళీ మార్గమును వెదకును. ప్రతి మార్గమునకు మాట తీగలు రెండు గాక మూడవ తీగ యొకటి ఉండును. మార్గము పనిలో నున్నచో ఆ తీగ భూమికి కలుపబడి యుండును. కడ్డీకి అమర్చిన లోహపు వ్రేళ్లు దానిని తాకి, ‘ఇచట చోటు లేదు’ అని తెలిసికొని ముందుకు సాగును. చందాదారు రెండవ అంకెకై డయలును త్రిప్పుకొను లోపుననే ఈ వెదకులాట ముగియవలెను. పది మార్గములును నిండియున్నచో కడ్డీ పదునొకండవ స్థానమునకు పోయి ఆగును. చెవికి ‘ఎంగేజి’ ధ్వని వినవచ్చును. 5తో రెండవ సెలెక్టరు అట్లే ఐదువందల వరుసను పట్టును. చివరి రెండంకెలు కడపటి స్విచ్చివి. 8కి అది ఎనిమిది మెట్లు ఎక్కును. 2కు రెండు స్థానములు తిరుగును. ఇక వెదకులాట లేదు. కావలసినది ఆ ఒక్క ఇల్లే. మూడవ తీగను పరీక్షించి, ఖాళీగా నున్నచో గంట మ్రోగించును.

ఇందు విచిత్రమేమనగా, 3582 అను సంఖ్య ఎక్స్ఛేంజిలో ఎచ్చటను వ్రాయబడి యుండదు. ఒక కడ్డీ మూడవ మెట్టున, వేరొకటి ఐదవ మెట్టున నిలిచియుండుటయే ఆ సంఖ్య. ఒక పిలుపు ఎచ్చటినుండి వచ్చినదో కనుగొనవలెనన్నచో, ఉద్యోగి కడపటి స్విచ్చినుండి బయలుదేరి, తీగ వెంట తీగ, చట్రము వెంట చట్రము నడచి పోవలసినదే. ఒక్క తెంపు లోపించినను కడ్డీ ఒక మెట్టు తక్కువగా ఎక్కును, వేరొకరి ఇంట గంట మ్రోగును. రాంగు నంబరునకు చందాదారు వేలే కారణము కానక్కరలేదు. అరిగిన కొక్కెమో దుమ్ముపట్టిన స్పర్శస్థానమో కావచ్చును. అందుచే ఆ గదులలో తుడుచుట, నూనె వేయుట, సరిదిద్దుట నిత్యకృత్యములు.

డయలునకు చిన్న తాళము వేసి ఆఫీసు టెలిఫోనును భద్రపరచితిమని తలచిన అధికారులు మన దేశమున అనేకులుండిరి. చురుకైన కుర్రవారు రిసీవరు పెట్టు హుక్కును వ్రేలితో టకటక నొక్కి నంబరు పంపుచుండిరి. నాలుగుసార్లు నొక్కినచో నాలుగు తెంపులు. ఎ రిలేకు అంతకంటె కావలసినదేమి? నొక్కుట నెమ్మదియైనచో బి పడిపోవును, పని చెడును. ఆ కుర్రవారు పుస్తకము చూడకయే రిలేల వేగమును నేర్చుకొనిరి.

నూరుమంది చందాదారులకు పది మార్గములే యేల? అందరును ఒకేసారి మాటాడరు గనుక. అయినను ఎందరికి ఎన్ని కావలెను? డెన్మార్కు దేశమున కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అను గణితవేత్త, 1909లోను 1917లోను ప్రకటించిన వ్యాసములలో సంభావ్యతా శాస్త్రముతో దీనికి సమాధానము చెప్పెను. టెలిఫోను సంభాషణల రద్దీని కొలుచు ప్రమాణమునకు నేటికిని ఆయన పేరే.

స్ట్రోజర్‌కు దక్కినది స్వల్పము. 1896లో తన పేటెంట్లను 1,800 డాలర్లకును, 1898లో కంపెనీలోని వాటాను 10,000 డాలర్లకును అమ్మివేసి, 1902లో ఫ్లోరిడాలో మరణించెను. ఆ పేటెంట్ల హక్కులకే 1916లో బెల్ సంస్థ 25 లక్షల డాలర్లు చెల్లించెను. ఆపరేటర్ల చేతిపనినే నమ్ముకొని యుండిన ఆ సంస్థ 1919లో వర్జీనియాలోని నార్‌ఫోక్ నగరమున స్వయంచాలక ఎక్స్ఛేంజిని తెరచెను. ఆ యేడే ఏప్రిలులో బోస్టన్ ప్రాంతపు ఆపరేటర్లు జీతముల కొరకు సమ్మె చేసి న్యూ ఇంగ్లండు టెలిఫోనులను మూగవోవజేసి యుండిరి. అన్యాయము చేసిన ఆపరేటరు నిజముగ ఉండెనో లేదో కాని, ఆమె పేరు చెప్పి పుట్టిన యంత్రము, ఏ తప్పు నెరుగని వేలాది స్త్రీల కొలువులను క్రమక్రమముగ హరించెను. ఈ సంగతిని స్ట్రోజర్ కథ చెప్పువారు సాధారణముగ విడిచిపెట్టుదురు.

బ్రిటనులో ఎప్సమ్‌నందు 1912లో, భారతదేశమున సిమ్లాలో 1913-14లో మొదటి స్వయంచాలక ఎక్స్ఛేంజిలు వెలసెను. 1948లో బెంగుళూరున స్థాపింపబడిన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్, బ్రిటిషు కంపెనీ సహకారముతో స్ట్రోజర్ సామగ్రిని ఇచటనే తయారుచేయసాగెను. ఆ కర్మాగారము చుట్టు వెలసిన పేటకు దూరవాణి నగర్ అని పేరు. అయినను ఊరు దాటి మాటాడుటకు ఆపరేటరే శరణ్యము. ట్రంకు కాల్ బుక్ చేసి, అది ఆర్డినరీయా, అర్జంటా, లైట్నింగా అని తేల్చుకొని, గంటల తరబడి కాచుకొనిన దినములు తెలుగునాట పెద్దలకు గుర్తుండును. 1960 నవంబరులో లక్నో, కాన్పూరుల నడుమ ఎస్.టి.డి. ప్రారంభమైన పిదప చందాదారు డయలు పొరుగు నగరమును గూడ చేరజొచ్చెను.

తరువాత వచ్చిన ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజిలు నంబరునంతయు ముందుగా విని, జ్ఞాపకముంచుకొని, పిమ్మట మార్గమును నిర్ణయించును. మెట్టు మెట్టుగా ఎక్కు కడ్డీలు ఒక్కొక్క దేశముననే తొలగిపోయెను. బ్రిటనులో వానిలో కడపటిది స్కాట్లండులోని క్రాఫర్డ్ గ్రామమున 1995 జూన్ వరకు పనిచేసెను.