బొమ్మా బొరుసూ: లెక్క చెప్పేది, నాణెం చూపేది

నాణెం ఎగరేస్తే పడేది బొమ్మ లేదా బొరుసు. రెండింటికీ సమాన అవకాశం ఉందనుకుంటే బొమ్మ పడే సంభావ్యత 1/2. ఎగరేయకుండానే తేల్చిన ఈ విలువ సైద్ధాంతిక సంభావ్యత. నిజంగా ఎగరేసి, పడ్డ బొమ్మల సంఖ్యను మొత్తం ఎగరవేతలతో భాగిస్తే వచ్చేది ప్రాయోగిక సంభావ్యత.

రూపాయి బిళ్లను పదిసార్లు ఎగరేస్తే ఏడు బొమ్మలు పడవచ్చు. అంతమాత్రాన బిళ్లను అనుమానించనక్కర్లేదు. సరైన నాణేనికీ అలా జరిగే అవకాశం దాదాపు 12 శాతం.

ఎగరవేతలు పెరిగేకొద్దీ నిష్పత్తి కుదుటపడుతుంది. ఫ్రాన్స్‌లో ప్రకృతి శాస్త్రవేత్త బఫన్ 4040 సార్లకు 2048 బొమ్మలు చూశాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉన్న గణితవేత్త కెరిక్ ఓపిగ్గా 10,000 సార్లు ఎగరేస్తే 5067 పడ్డాయి. గణాంకవేత్త కార్ల్ పియర్సన్‌కు 24,000లో 12,012. అంటే 0.5005! ఇంత దగ్గరగా రావడం అబ్బురమే. అయితే నాణేనికి జ్ఞాపకం లేదు. వరుసగా అయిదు బొమ్మలు పడ్డా ఆరోసారి బొరుసు బాకీ ఉండదు.

అన్నిటికీ నాణెం లెక్క కుదరదు. బత్తలపల్లె లాంటి అనంతపురం ప్రాంతపు మెట్ట ఊళ్లలో వేరుశనగ విత్తే అదనుకు వాన పడుతుందా అన్నదానికి ఇలాంటి 1/2 లేదు. వానకు రెండు సమాన ముఖాలుండవు. అక్కడ ఏళ్లతరబడి వర్షమాపకంలో నమోదైన కొలతలే ఆధారం.