అరువు కరెంటుతో పలికే పేరు

కొత్త ఫాస్టాగ్ స్టిక్కర్‌ను అద్దానికి అంటించే ముందు ఒకసారి వెలుతురుకి ఎత్తిపట్టి చూడండి. లోపల మెలికలు తిరిగిన సన్నటి లోహపు గీత కనిపిస్తుంది, గీత మధ్యలో నల్లటి చుక్క. గీత యాంటెన్నా, చుక్క చిప్. ట్యాగ్ అంటే ఆ రెండే. బ్యాటరీ లేదు, వైరు లేదు. అయినా ఏళ్ల తరబడి ఎండకు కాగుతూ, టోల్‌గేటు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ తన నంబరు చెబుతూనే ఉంటుంది.

చెప్పడానికి కావలసిన కరెంటు గేటు ఇస్తుంది. వరసకు పైన, కొంచెం కిందికి వంచి బిగించిన తెల్లటి పలకలాంటి పెట్టె చూసే ఉంటారు. అది రీడర్ తాలూకు యాంటెన్నా. 865 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల రేడియో తరంగాలను అది బండ్ల మీదికి వదులుతుంది. మన దేశంలో ఈ పని కోసం 865–867 మెగాహెర్ట్జ్ పట్టీని 2005లోనే లైసెన్సు అక్కర్లేకుండా వదిలేశారు, ట్రాన్స్‌మిటర్ బలం 1 వాటు దాటకూడదన్న షరతుతో. యాంటెన్నా ఆ వాటును నలువైపులా చెదరనివ్వకుండా ఒకే దిక్కుకి మళ్లిస్తుంది కాబట్టి ఆ దిక్కున ఉన్నవాటికి నాలుగు వాట్లు వస్తున్నట్టే లెక్క.

ఇక్కడ చిన్న లెక్క వేసుకుందాం, ఎందుకంటే ఈ విద్య అంతా ఆ లెక్కలోనే ఉంది. ఐదు మీటర్ల దూరానికి చేరేసరికి తరంగం బాగా పలచబడుతుంది. ట్యాగ్ యాంటెన్నా ఒడిసిపట్టగలిగేది సుమారు 100 మైక్రోవాట్లు, అంటే ఒక వాటులో పదివేలో వంతు. మన ఇంట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వాడుకునేదాంట్లో ఇది తొంభైవేలో వంతు. దూరం రెట్టింపై పది మీటర్లయితే అది నాలుగో వంతుకు, 25 మైక్రోవాట్లకు పడిపోతుంది. ఇప్పటి చిప్‌లకు మేలుకోవడానికి పది, ఇరవై మైక్రోవాట్లు కావాలి. అందుకే గేటు దగ్గర నాలుగైదు మీటర్లలో ట్యాగ్ బాగా పలుకుతుంది, పది మీటర్ల దగ్గర తడబడుతుంది, ఆ పైన మౌనం.

వచ్చింది ముందువెనకలుగా ఊగే కరెంటు. చిప్‌కు కావలసింది ఒకే దిక్కున పారేది. దానికోసం చిప్‌లోనే డయోడ్లు, కెపాసిటర్లు వరసగా పేర్చిన మెట్లు ఉంటాయి. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ వోల్టేజి కాస్త పెరుగుతూ, పైకి చేరేసరికి తర్కం నడపడానికి సరిపడా అవుతుంది. దాచుకునే చోటు మాత్రం అతి చిన్నది. రీడర్ తరంగం ఒక్క క్షణం ఆగిందా, చిప్ ఆరిపోతుంది, మధ్యలో వదిలేసిన మాట మర్చిపోతుంది. ఈ ఇబ్బందిని రీడర్ గమనంలో పెట్టుకుని మాట్లాడాలి. అందుకే అది సున్నాలూ ఒకట్లూ పంపేటప్పుడు తరంగాన్ని ఎక్కువసేపు ఆపదు. మధ్యమధ్య సెకనులో లక్షో వంతుకు అటూఇటుగా తగ్గించి, వెంటనే మళ్లీ పెంచుతుంది. రెండు తగ్గింపుల మధ్య ఎడం తక్కువైతే సున్నా, ఎక్కువైతే ఒకటి. మాట చెబుతూనే కరెంటూ అందిస్తూ ఉండడానికి చేసిన ఏర్పాటు ఇది.

సరే, ట్యాగ్ జవాబు ఎలా చెబుతుంది? సొంతంగా తరంగాలు పుట్టించేంత స్తోమత దానికి లేదు. అది చేసేదల్లా తన యాంటెన్నా రెండు కొసల మధ్య ఉన్న ఒక చిన్న స్విచ్చును తెరవడం, మూయడం. మూసినప్పుడు యాంటెన్నా మీద పడ్డ తరంగం ఒక తీరుగా వెనక్కి తిరుగుతుంది, తెరిచినప్పుడు ఇంకో తీరుగా. చిన్నప్పుడు చేతిఅద్దం ఎండలో పెట్టి, కదుపుతూ ఎదురింటి గోడ మీద వెలుగు మచ్చను ఆడించిన ఆట గుర్తుందా, సరిగ్గా అదే. వెలుగు సూర్యుడిది, కదలిక పిల్లవాడిది.

ఈ ఉపాయాన్ని మొదట గట్టిగా వాడుకున్నది వ్యాపారులు కాదు, గూఢచారులు. 1945 ఆగస్టులో సోవియట్ బాలబాలికలు మాస్కోలోని అమెరికా రాయబారి ఆవరెల్ హారిమన్‌కు కొయ్యతో చెక్కిన అమెరికా రాజముద్రను కానుకగా ఇచ్చారు. దాన్ని ఆయన నివాసంలో గోడకు తగిలించారు. లోపల లియోన్ థెరెమిన్ తయారుచేసిన పరికరం ఉంది. గాలిలో చేతులాడిస్తే పలికే, ఆయన పేరుతోనే పిలిచే వాద్యాన్ని కనిపెట్టిన మనిషి ఆయనే. ఆ పరికరంలో బ్యాటరీ లేదు, వైర్లు లేవు. ఒక లోహపు డబ్బీ, దాని మీద పలచటి పొర, చిన్న యాంటెన్నా, అంతే. బయటినుంచి రేడియో తరంగాలు దాని మీదికి వదిలినప్పుడు, గదిలో మాటలకు పొర అదిరేది, ఆ అదురు తిరిగివచ్చే తరంగంలో కలిసి వెళ్లేది. తరంగం ఆపేస్తే అది వట్టి కొయ్యబొమ్మ. 1952 దాకా ఎవరూ పట్టుకోలేకపోయారు. 1960లో ఐక్యరాజ్యసమితిలో అమెరికా ప్రతినిధి దాన్ని తెరిచి చూపించారు.

ఈ నడుమ 1948లో హారీ స్టాక్‌మన్ అనే ఇంజనీరు, తిరుగు తరంగాలతో సమాచారం పంపవచ్చని పరిశోధన పత్రం రాశారు. కాని అప్పటికి ట్రాన్సిస్టర్ ఇంకా చేతికి రాలేదు, చిప్ ఊహలోనే లేదు. 1975లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలవాళ్లు ఇదే పద్ధతిలో పనిచేసే ట్యాగ్‌ను చేసి చూపించారు. సూత్రం దొరికిన తరవాత వస్తువు అందుబాటు ధరకు రావడానికి అర్ధ శతాబ్దం పట్టింది.

నన్నడిగితే ఈ మొత్తంలో మెచ్చుకోవలసింది ట్యాగ్‌ను కాదు, రీడర్‌ను. ట్యాగ్ సులువుగా తప్పించుకుంది, కష్టమంతా ఎదుటివాడి నెత్తిన పెట్టింది. రీడర్ వదిలేది ఒక వాటు. ట్యాగ్ నుంచి తిరిగి చేరేది రెండు మూడు నానోవాట్లు, అంటే వదిలినదాంట్లో వంద కోట్లలో రెండు మూడు వంతులు. పోనీ వదలడం ఆపి నింపాదిగా విందామంటే కుదరదు, ఆపితే ట్యాగ్ ఆరిపోతుంది. కనుక వదులుతూనే వినాలి. పైగా తిరిగొచ్చేది ట్యాగ్ తరంగం ఒక్కటే కాదు. కారు బానెట్, పక్క వరసలో లారీ, గేటు స్తంభాలు, అన్నీ అంతకు ఎన్నో రెట్ల బలంతో తరంగాన్ని వెనక్కి కొడతాయి.

దారి ఏమిటంటే, స్తంభం నుంచి తిరిగొచ్చేది ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. ట్యాగ్ నుంచి వచ్చేది మాత్రం సెకనుకు లక్షల సార్లు మారుతుంది. రీడర్ తాను వదిలిన తరంగం నకలునే దగ్గర పెట్టుకుని, వచ్చినదాన్ని దానితో కలుపుతుంది. మారనివన్నీ ఒక స్థిరమైన వోల్టేజిగా తేలతాయి. వాటిని ఒక కెపాసిటర్ అడ్డంపెట్టి ఆపేయవచ్చు. మారేది మాత్రం దాటుకుని వస్తుంది. మరి కదిలే లారీ? అదీ మారుతుంది కదా అనొచ్చు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి నుంచి తిరిగిన తరంగం ఈ లెక్కలో సెకనుకు యాభైసార్ల లోపే ఊగుతుంది. ట్యాగ్ స్విచ్చు ఆడేది సెకనుకు 40 వేల నుంచి 6 లక్షల 40 వేల సార్ల మధ్య. రెండింటినీ వేరుచేయడం రీడర్‌కు కష్టం కాదు. అంత పెద్ద లారీ పక్కకు తప్పుకుని, ఇసుమంత చుక్క మాట వినబడేది ఇలాగే.

ఇక యాంటెన్నా సంగతి. 866 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 34.6 సెంటీమీటర్లు. మామూలుగా యాంటెన్నా అందులో సగం, పదిహేడు సెంటీమీటర్లు ఉండాలి. స్టిక్కర్‌లో అంత చోటు లేదు కాబట్టి గీతను మెలికలు తిప్పి కుదించారు. ఆ మెలికలు ఎన్ని, ఎంత ఎడం, చిప్ దగ్గర చిన్న వలయం ఎంత అన్నది కారు అద్దాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టిన లెక్క. గాజుకు ఆనించగానే యాంటెన్నా శ్రుతి కొంత కిందికి జారుతుంది, ఆ జారుడును ముందే కలిపి తయారుచేస్తారు. అంచేత స్టిక్కర్‌ను అద్దానికి అంటించకుండా జేబులో పెట్టుకుని, గేటు రాగానే చేత్తో ఎత్తి చూపించేవాళ్లు రెండు తప్పులు చేస్తున్నట్టు. గాజు లేక శ్రుతి తప్పుతుంది. పైగా మన చేయి చాలావరకు నీరే, ఈ తరంగాలను నీరు బాగా మింగేస్తుంది. వేళ్లు మెలికల మీద పడితే చెప్పనే అక్కర్లేదు. 2025 జులైలో జాతీయ రహదారుల సంస్థ ఇలా చేతిలో పట్టుకునే ట్యాగ్‌లను బ్లాక్‌లిస్టులో పెడతామని ప్రకటించింది. వాళ్లు చెప్పిన కారణాల్లో వరసల్లో గందరగోళం, మోసాలు ముఖ్యం. వాళ్లు చెప్పకపోయినా ఫిజిక్స్ ఆ పనికి ఒప్పుకోదు.

వేడి ఆపడానికి లోహపు పూత పూసిన ముందు అద్దాలదీ ఇదే గొడవ. లోహం తరంగాన్ని లోపలికి రానివ్వదు. కొన్ని ఖరీదైన కార్లలో అద్దం పైభాగాన చిన్న చోటు పూత లేకుండా వదులుతారు, ట్యాగ్ అక్కడే అంటించాలి.

2022 జూన్‌లో వాట్సాప్‌లో ఒక వీడియో తిరిగింది. సిగ్నల్ దగ్గర కారు అద్దం తుడిచే కుర్రాడు చేతి స్మార్ట్‌వాచ్‌తో ఫాస్టాగ్‌ను స్కాన్ చేసి డబ్బు కొట్టేస్తున్నాడని. అదంతా వట్టిదని ప్రభుత్వమూ, చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ కూడా చెప్పాయి. ఎందుకు వట్టిదో తెలుసుకుంటే రెండు ముఖ్యమైన సంగతులు బయటపడతాయి.

మొదటిది, ఫోన్లలో, వాచీల్లో ఉండే ఎన్‌ఎఫ్‌సీ పనిచేసేది 13.56 మెగాహెర్ట్జ్ మీద. ఫాస్టాగ్ ఫ్రీక్వెన్సీ దానికి 64 రెట్లు. అసలు రెండింటి పద్ధతే వేరు. 13.56 దగ్గర తరంగదైర్ఘ్యం 22 మీటర్లు. హైదరాబాద్ మెట్రోలో కార్డు ఆనించేటప్పుడు ఉండే కొద్ది సెంటీమీటర్ల దూరంలో తరంగమంటూ ఇంకా ఏర్పడదు, గేటులోని తీగచుట్ట చుట్టూ అయస్కాంత క్షేత్రం ఊగుతూ ఉంటుందంతే. కార్డు అంచు వెంబడి లోపల నాలుగైదు చుట్ల తీగ ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్‌లో జరిగినట్టే ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకు కరెంటు దూకుతుంది. చుట్ట సైజు దాటి దూరం జరిగితే ఆ క్షేత్రం దూరం ఘనానికి విలోమంగా, అంటే దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే కార్డు దాదాపు ఆనించాలి. డబ్బు వ్యవహారానికి ఆ కురచతనమే రక్ష.

రెండోది, ఫాస్టాగ్‌లో డబ్బు లేదు. ఒక నంబరు ఉంది, అది ఏ వాహనానిది, ఏ ఖాతాది అన్నది బ్యాంకు దగ్గరా, ఎన్‌పీసీఐ దగ్గరా ఉంటుంది. ఆ నంబరు ఎవరైనా చదివినా, దాన్ని చూపి డబ్బు అడగగలిగేది నమోదైన టోల్ ప్లాజాలు, పార్కింగ్ నిర్వాహకుల వంటి వ్యాపారులే, వాళ్ల బ్యాంకు ద్వారా. చిప్‌లో ఫ్యాక్టరీలోనే చెక్కేసిన ఇంకో గుర్తింపు సంఖ్య కూడా ఉంటుంది. మన బ్యాంకు రాసిన నంబరును నకలు చేసినా, ఆ రెండో సంఖ్యను మామూలు ఖాళీ చిప్ మీద మార్చి రాయడం వీలుకాదు.

ఒకేసారి పది ట్యాగ్‌లు రీడర్ ఎదుట పడితే ఏమవుతుంది? టోల్‌గేటులో ఇది తక్కువ, బట్టల గోడౌన్‌లో ఒక అట్టపెట్టె తెరవకుండానే లోపలి రెండొందల చొక్కాలు లెక్కపెట్టేటప్పుడు తప్పనిసరి. అందరూ ఒకేసారి పలికితే ఏదీ వినబడదు. రీడర్ ముందు ఒక హద్దు చెబుతుంది, ఉదాహరణకు 16. ప్రతి ట్యాగ్ 0 నుంచి 15 లోపు ఒక సంఖ్యను తనలో తాను తోచినట్టు అనుకుంటుంది. రీడర్ ఒక్కో సంకేతం ఇచ్చినప్పుడల్లా అన్నీ తమ సంఖ్యను ఒకటి తగ్గించుకుంటాయి. సున్నాకు చేరినది పలుకుతుంది. రెండు ఒకేసారి సున్నాకు చేరి గొంతు కలిస్తే రీడర్ గమనించి, హద్దు పెంచుతుంది. ఎవరూ పలకని ఖాళీలు ఎక్కువైతే తగ్గిస్తుంది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలపడానికి నార్మన్ అబ్రామ్సన్ బృందం కట్టిన అలోహా పద్ధతికి ఇది వారసురాలు.

ఇవన్నీ చేసి ఒక ట్యాగ్ నంబరు చదవడానికి పట్టేది సెకనులో కొన్ని వేల వంతులు. బండి యాంటెన్నా పరిధిలో ఉండే అర సెకనులో రీడర్ దాన్ని పదులసార్లు చదవగలదు. మరి సంక్రాంతికి హైదరాబాద్–విజయవాడ దారిలో పంతంగి దగ్గర, కొర్లపహాడ్ దగ్గర కిలోమీటర్ల కొద్దీ క్యూ ఎందుకు? చదవడం వల్ల కాదు. గేటు కర్ర లేవాలి, బండి దాటాలి, కర్ర దిగాలి. ఆ పైన ఖాతాలో డబ్బు లేని బండి వచ్చి నిలబడితే వెనక అంతా ఆగిపోతుంది. ప్లాజా ప్రతి బండికీ బ్యాంకును అడిగి గేటు ఎత్తదు, అంత తీరిక లేదు. చెల్లని ట్యాగ్‌ల జాబితాను మాత్రం చూసుకుంటుంది. ట్యాగ్ అందులో లేకపోతే పోనిస్తుంది, డబ్బు లెక్క తరవాత తేలుతుంది. మీ ఫోనుకు ఎస్సెమ్మెస్ ఎప్పుడో చిట్యాల దాటాక వచ్చేది అందుకే. ఆ జాబితా ముందే ప్లాజాకు వచ్చి ఉండే రోజుల్లో, క్యూలో నిలబడి అప్పటికప్పుడు రీచార్జి చేసినా గేటు వెంటనే తెరుచుకునేది కాదు. మీ ట్యాగ్ ఇంకా పాత జాబితాలోనే ఉండేది.

కర్రే లేకుండా చేస్తే? గుజరాత్‌లోని చోర్యాసి ప్లాజాలో ఆ పద్ధతి పెట్టడానికి 2025 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. రోడ్డుకు అడ్డంగా, వెడల్పునా కట్టిన ఇనుప చట్రం మీద రీడర్లు, పక్కనే కెమెరాలు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఐదారు మీటర్ల పరిధిని సెకనులో ఐదో వంతులో దాటేస్తుంది. ట్యాగ్ చదవడానికి ఆ కాస్త కాలం ధారాళంగా సరిపోతుంది. కెమెరా ఉన్నది ట్యాగ్ లేని బండి నంబరు ప్లేటు పట్టుకోవడానికి, కారు ట్యాగ్ అంటించుకుని వచ్చిన లారీని పట్టుకోవడానికి.