జ్వరం పోయింది... నీరసం పోలేదు

2006 నాటి చికున్‌గున్యా తెలుగువాళ్ళు అంత తేలిగ్గా మర్చిపోయేది కాదు. ముప్ఫై రెండేళ్ళు దేశంలో జాడ లేకుండా పోయిన ఆ వైరస్ 2005 చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ తలెత్తింది. మరుసటి ఏడాది దేశం మొత్తమ్మీద దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. జ్వరం నాలుగైదు రోజుల్లో దిగేది. అసలు బాధ ఆ తర్వాతే. నీళ్ళ చెంబు ఎత్తలేని చేతులు, మెట్లు దిగలేని మోకాళ్ళు, పొద్దున్నే మంచం మీంచి లేవాలంటే ఇంకొకరి ఆసరా. కొందరికి నెలలు గడిచినా ఆ నొప్పులు వదల్లేదు.

కొవిడ్ వచ్చాక అదే అనుభవం ప్రపంచమంతటికీ ఎదురైంది. కొవిడ్ సోకిన మూడు నెలల తర్వాత కూడా లక్షణాలు ఉండి, అవి కనీసం రెండు నెలలు కొనసాగి, వాటికి మరో కారణం కనిపించకపోతే దాన్ని కొవిడ్ అనంతర సమస్యగా గుర్తించాలని 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచించింది. 2023 మార్చి నాటికి ఒక్క బ్రిటన్‌లోనే 19 లక్షల మంది తమకు ఇలాంటి లక్షణాలున్నాయని అక్కడి జాతీయ గణాంకాల కార్యాలయానికి చెప్పారు.

ఆ లక్షణాల్లో రెండింటిని చుట్టూ ఉన్నవాళ్ళు ఓ పట్టాన నమ్మరు. ఒకటి, స్నానం చేసొస్తే గంటసేపు పడుకోవాల్సినంత నిస్సత్తువ. రెండోది, నిన్నటిదాకా హాయిగా తిన్నది ఇవాళ పడకపోవడం. రక్తపరీక్షలన్నీ బాగానే ఉంటాయి. దాంతో ‘అంతా నీ మనసులోనే ఉంది’ అనేస్తారు. ఆ మాట ఎంత తప్పో శాస్త్రం ఇప్పుడిప్పుడే ఆధారాలతో చూపిస్తోంది.

పడిన పాలే పడనప్పుడు

పాల సంగతే తీసుకుందాం. పాలలో ఉండే చక్కెర లాక్టోజ్. దాన్ని అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ చిన్నపేగు లోపలి గోడ మీద సన్నని వేళ్ళలా ఉండే చూషకాల కొసల్లో ఉంటుంది. రోటా లాంటి పేగు వైరస్‌లు దెబ్బతీసేది ఆ కొసల్నే. అప్పుడు అరగని లాక్టోజ్ నేరుగా పెద్దపేగులోకి వెళ్తుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. ఉబ్బరం, గడబిడ, విరేచనం... అన్నీ అందుకే. చాలామందిలో ఇది తాత్కాలికమే. పేగు గోడ కోలుకున్నకొద్దీ పాలు మళ్ళీ పడతాయి. ఈలోగా పాలు పడనివాళ్ళలో చాలామందికి పెరుగు పడుతుంది. తోడు పెట్టినప్పుడు కొంత లాక్టోజ్ ఖర్చయిపోతుంది, మిగిలినదాన్ని అరిగించడంలోనూ పెరుగులోని బ్యాక్టీరియా సాయపడుతుంది.

అన్నింటికీ ఇంత సూటి కారణం దొరకదు. బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయంలో గై బూక్స్‌టాన్స్ బృందం ఓ ప్రయోగం చేసింది. ఎలుకలకు బ్యాక్టీరియాతో పేగు ఇన్ఫెక్షన్ కలిగించి, అదే సమయంలో గుడ్డులోని ఒక ప్రొటీన్‌ను తినిపించారు. ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గాక మళ్ళీ ఆ ప్రొటీన్ పెడితే వాటి పేగులు నొప్పికి అతిగా స్పందించాయి. ఇన్ఫెక్షన్ లేనప్పుడు అదే తిన్న ఎలుకలకు ఏమీ కాలేదు. క్రిములతో పోరాడుతున్న రోగనిరోధక వ్యవస్థ, ఆ సమయంలో పేగులో ఉన్న ఆహారాన్ని కూడా శత్రువుల జాబితాలో రాసేసుకుందన్నమాట. అందుకు సంబంధించిన యాంటీబాడీలు పేగు గోడకే పరిమితమయ్యాయి. రక్తంలో వెతికితే దొరకవు.

తర్వాత మనుషుల్లో చూశారు. కడుపునొప్పితో కూడిన ఐబీఎస్ అనే పేగు జబ్బు ఉన్న 12 మంది పేగు గోడలోకి గోధుమ, గోధుమల్లోని ప్రొటీన్ అయిన గ్లూటెన్, సోయా, పాల సారాన్ని చాలా కొద్ది మోతాదులో ఎక్కించారు. పన్నెండు మందికీ కనీసం ఒకదానికి వాపు వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 8 మందిలో ఇద్దరికే అలా జరిగింది. 2021 జనవరిలో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఈ పరిశోధన చిన్నదే. కానీ ‘అలర్జీ పరీక్షలో ఏమీ లేదు, అయినా తింటే నొప్పి’ అనేవాళ్ళ మాటకు అది గట్టి ఆధారం ఇచ్చింది. అంతకుముందు 2017లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన బానా జబ్రీ, ఆమె సహచరులు మామూలుగా ఏ హానీ చెయ్యని రియోవైరస్ సైతం ఎలుకల్లో గ్లూటెన్ మీద సహనాన్ని చెడగొట్టగలదని చూపించారు.

పోపు వాసన భరించలేక

కొందరికి ఇబ్బంది పేగుల్లో కాదు, ముక్కులో. కొవిడ్ తర్వాత వాసన పూర్తిగా పోయినవాళ్ళలో కొంతమందికి అది తిరిగొస్తూ వికృతంగా వచ్చింది. కాఫీ, ఉల్లిపాయ, వెల్లుల్లి, వేగుతున్న మాంసం... కమ్మగా ఉండాల్సినవే కుళ్ళువాసన కొట్టాయి. బ్రిటన్‌లో రెడింగ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జేన్ పార్కర్ బృందం కాఫీ వాసనను విడివిడి రసాయనాలుగా చీల్చి, ఒక్కొక్కటే రోగులకు చూపించింది. చాలామందికి వికారం తెప్పించినవి గంధకం ఉన్న కొన్ని పదార్థాలని తేలింది. అతి కొద్ది మోతాదులో ఉన్నా ముక్కు పట్టేసే రకమవి.

ఉల్లి, వెల్లుల్లి, పోపు లేకుండా పూట గడవని తెలుగింట్లో ఇది పెద్ద కష్టమే. పొగలు కక్కే కూర కన్నా చల్లారిన అన్నం, పెరుగు, పండ్లు లాంటివి వీళ్ళకు తేలిగ్గా దిగుతాయి. వేడి తగ్గితే వాసనా తగ్గుతుంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ 2009లో ప్రచురించిన వాసన సాధన పద్ధతిని ఇప్పుడు వైద్యులు విరివిగా సూచిస్తున్నారు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం వాసనలను రోజుకు రెండుసార్లు, కాసేపు మనసు పెట్టి పీల్చాలి. నెలల తరబడి ఓపిగ్గా చెయ్యాలి.

మర్నాడు పడగొట్టే అలసట

ఈ నిస్సత్తువకు ఓ విచిత్రమైన లక్షణం ఉంది. పని చేసిన క్షణంలో ఏమీ అనిపించదు. ఒకరోజు గడిచాకో, రెండోరోజుకో మనిషిని మంచాన పడేస్తుంది. ఇల్లు సర్దినా, పెళ్ళికి వెళ్ళొచ్చినా, ఆఫీసులో పెద్ద సమావేశం నడిపినా అంతే. నిద్రపోయి లేచినా తీరదు. శరీర శ్రమకే కాదు, మెదడు శ్రమకూ ఇలాగే జరుగుతుంది.

ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రవేత్తలు ఇలాంటి 25 మంది కొవిడ్ బాధితుల చేత, పూర్తిగా కోలుకున్న మరో 21 మంది చేత వ్యాయామ సైకిల్ తొక్కించి, అంతకు ముందూ తర్వాతా తొడ కండరం నుంచి చిన్న ముక్క తీసి చూశారు. బాధితుల కండరాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా సరిగ్గా పనిచెయ్యడం లేదు. వ్యాయామం తర్వాత కండరం మరింత దెబ్బతింది. 2024 జనవరిలో ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో ఈ ఫలితాలు వచ్చాయి. ‘కాస్త నడవండి, అదే తగ్గిపోతుంది’ అనే సలహా అందరికీ సరిపోదని దీంతో అర్థమవుతోంది. 2021 అక్టోబరులోనే బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ, దీర్ఘకాలిక అలసట జబ్బుకు వ్యాయామాన్ని మెట్టుమెట్టుగా పెంచుకుంటూ పోయే చికిత్సను తన మార్గదర్శకాల నుంచి తొలగించింది.

నమ్మకపోవడమూ గాయమే

లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో 1955 జులైలో ఓ అంతుచిక్కని జబ్బు వ్యాపించింది. వైద్యులు, నర్సులు సహా 292 మంది సిబ్బంది మంచం పట్టారు. ఆసుపత్రిని అక్టోబరు దాకా మూసెయ్యాల్సి వచ్చింది. చాలామందిలో బలహీనత నెలల కొద్దీ కొనసాగింది. పదిహేనేళ్ళ తర్వాత ఇద్దరు మానసిక వైద్యులు ఒక్క రోగినీ పరీక్షించకుండా, పాత రికార్డులు మాత్రమే తిరగేసి, ఇది సామూహిక హిస్టీరియా అని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసేశారు. బాధితుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళు కావడం వాళ్ళు చూపించిన కారణాల్లో ఒకటి. ఆ ముద్ర దశాబ్దాల పాటు దీర్ఘకాలిక అలసట జబ్బు మీద పరిశోధనను అణగదొక్కింది.

దానికి సమాధానం ఆస్ట్రేలియాలోని డబ్బో పట్టణం నుంచి వచ్చింది. గ్రంథుల జ్వరం, రాస్ రివర్ వైరస్, క్యూ జ్వరం బారిన పడిన 253 మందిని పరిశోధకులు మొదటి రోజుల నుంచీ గమనించారు. ఆరు నెలల తర్వాతా 12 శాతం మంది తీవ్రమైన అలసట, ఒళ్ళునొప్పులతోనే ఉన్నారు. ఎవరు అలా మిగిలిపోతారన్నది మొదట వచ్చిన జబ్బు తీవ్రతను బట్టి ఉందే తప్ప వాళ్ళ మనస్తత్వాన్ని బట్టి లేదు. 2006లోనే వెలువడిన ఈ ఫలితం కుటుంబ వైద్యులందరికీ చేరి ఉంటే కొవిడ్ తర్వాత ఎంతోమందికి అవమానం తప్పేది.

మానెయ్యడం కాదు, తేల్చుకోవడం

తిండి పడనప్పుడు భయంతో ఒక్కొక్కటీ మానేసుకుంటూ పోవడమే పెద్ద ప్రమాదం. పాలు, గోధుమ, పప్పు, గుడ్డు... చివరికి కంచంలో అన్నం, చారు మిగులుతాయి. ప్రొటీన్ చాలక కండరం కరుగుతుంది, నీరసం రెట్టింపవుతుంది. రక్తం తీసి వందల పదార్థాల జాబితా చేతిలో పెట్టే ఐజీజీ పరీక్షలు ఈ భయాన్ని ఇంకా పెంచుతాయి. ఐజీజీ అనే యాంటీబాడీ ఉందంటే ఆ పదార్థాన్ని శరీరం చూసిందని అర్థం, అది పడదని కాదు. ఐరోపా అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే ఈ పరీక్షలు వద్దని చెప్పింది.

ఉబ్బరం, నొప్పి ప్రధానంగా ఉన్నవాళ్ళకు ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం రూపొందించిన ఫాడ్‌మ్యాప్ పద్ధతి ఉపయోగపడుతోంది. పేగులో పులిసి గాలి పుట్టించే పిండిపదార్థాలను రెండు నుంచి ఆరు వారాలు మాత్రమే తగ్గించి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తిని చూసుకోవాలి. ఏది ఎంత మోతాదులో పడుతుందో తేల్చుకోవడమే దీని ఉద్దేశం. పోషకాహార నిపుణుల పర్యవేక్షణలో చేస్తే మంచిది.

మన వంటింటికి ఇది కొత్తేమీ కాదు. వరి అన్నం భేషుగ్గా పడుతుంది. ఉల్లిపాయ బదులు ఉల్లికాడల పచ్చని భాగం వాడుకోవచ్చు. వెల్లుల్లిలో ఇబ్బంది పెట్టే పదార్థం నూనెలో కరగదు. కాబట్టి రెబ్బల్ని నూనెలో వేయించి తీసేస్తే ఆ రుచి దక్కుతుంది, ఉబ్బరం రాదు. గోధుమలు అస్సలు పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళు ఇంగువ డబ్బా మీద రాసింది చదవాలి. బజారులో దొరికే ఇంగువలో చాలావాటికి గోధుమ పిండి కలుపుతారు. సీలియాక్ అనుమానం ఉంటే గోధుమ మానకముందే పరీక్ష చేయించుకోవాలి. మానేశాక చేస్తే ఫలితం తప్పుగా రావచ్చు.

ఇంట్లోవాళ్ళ వంతు

జ్వరం తగ్గిన మనిషికి పథ్యం పెట్టి, పనులకు దూరంగా ఉంచే అలవాటు మన ఇళ్ళల్లో ఉండేది. ఇప్పుడు జ్వరం దిగిన మర్నాడే లాప్‌టాప్ తెరవాల్సి వస్తోంది. ఇక జబ్బుపడింది ఇల్లాలైతే రెండోరోజే పొయ్యి దగ్గర నిలబడుతుంది. విశ్రాంతి కోరుకోవడం బద్ధకం కాదని మొదట ఆమెకు చెప్పాల్సింది ఇంట్లోవాళ్ళే.

ఒంట్లో శక్తిని ఎండాకాలపు బావిలా చూసుకోవాలి. ఊరిన మేరకే తోడుకోవాలి. బాగున్న రోజున మిగిలిపోయిన పనులన్నీ చేసెయ్యాలనిపిస్తుంది, ఆ కోరికే మర్నాడు పడేస్తుంది. పనిని ముక్కలు చేసుకుని, అలసట రాకముందే మధ్యలో పడుకోవాలి. కూరలు కూర్చుని తరుక్కోవాలి. లేచి నిలబడగానే గుండె దడదడలాడేవాళ్ళు కడుపు నిండా ఒకేసారి తినకుండా కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినాలి. ఏం తిన్నారు, ఎంత పని చేశారు, మర్నాడు ఎలా ఉంది అన్నది ఓ నోటుపుస్తకంలో రాసుకుంటే వైద్యుడికీ దారి దొరుకుతుంది.

అన్నిటినీ వైరస్ మీదికి నెట్టెయ్యకూడదు కూడా. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12, డి విటమిన్ ఓసారి చూపించుకోవాలి. బరువు తగ్గిపోతున్నా, సాయంత్రం పూట జ్వరం వస్తున్నా, మలంలో రక్తం పడుతున్నా, నిద్రలోంచి లేపేంత కడుపునొప్పి ఉన్నా, ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నా ఆలస్యం చెయ్యకుండా వైద్యుణ్ని కలవాలి. తిన్న కాసేపటికే పెదాలు, గొంతు వాచి ఊపిరాడకపోతే అది అసలైన అలర్జీ. నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్ళాలి.

చికిత్స కోసం వెతుకులాట సాగుతోంది. అమెరికా ప్రభుత్వం 2021లో ‘రికవర్’ పేరుతో కొవిడ్ అనంతర సమస్య మీద 115 కోట్ల డాలర్ల పరిశోధనకు శ్రీకారం చుట్టింది. కొవిడ్ వైరస్ అవశేషాలు పేగుల్లో మిగిలిపోయి సెరటోనిన్ అనే రసాయనాన్ని తగ్గిస్తున్నాయని 2023లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కొత్త ఆధారాలు చూపించారు. తెలుగు రాష్ట్రాల్లో ఏటా వానాకాలం డెంగీ, చికున్‌గున్యా పలకరిస్తూనే ఉన్నాయి. జ్వరం తగ్గిందని చీటీ రాసి పంపేటప్పుడే నెల తర్వాత ఒకసారి వచ్చి చూపించుకోమని, అప్పుడు అలసట గురించీ తిండి గురించీ తప్పకుండా అడుగుతామని ప్రతి ఆసుపత్రీ చెప్పడం మొదలుపెట్టాలి. దానికి కొత్త యంత్రాలు అక్కర్లేదు, ఆ చీటీలో ఇంకో వాక్యం రాస్తే చాలు.