కోనేటి ఈత కడలి కెరటానికి చాలదు

మహానంది: నల్లమల కొండల పాదాన వెలసిన మహానంది క్షేత్రంలో నీటికి కొదవ లేదు. చుట్టూ సీమ పల్లెలు చుక్క నీటికి మొగం వాచే ఎండాకాలంలో సైతం ఇక్కడి ఊట నంది నోటి గుండా కోనేటిలో పడుతూనే ఉంటుంది. కోనేటి లోతు సుమారు ఐదడుగులు. అడుగున పడిన పైసా బిళ్ల పైకి స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడి నుండి వెలుపలికి వెళ్లిన నీటితోనే చుట్టుపక్కల అరటి తోటలు పండుతున్నాయి. ఇటువంటి గుండాల్లోనూ, ఊరి దిగుడు బావుల్లోనూ, కె.సి. కాలువలోనూ ఈత నేర్చిన కుర్రకారు మన నంద్యాల ప్రాంతంలో కొల్లలు. ఈతకు మించిన లోతు లేదని పెద్దల సామెత. బావిలో, చెరువులో ఈ సామెతకు తిరుగు లేదు. సముద్రపు ఒడ్డున మాత్రం ఇది చెల్లదు. అక్కడ ప్రాణం మీదికి తెచ్చేది లోతు కాదు. నడుము లోతు నీటిలో విరిగిపడే కెరటం.

సీమ వారికి సముద్రం దూరపు చుట్టం. నంద్యాలలో గుంటూరు రైలెక్కి గిద్దలూరు, మార్కాపురం మీదుగా వెళ్లి, బాపట్ల చేరి సూర్యలంక చూసి వచ్చేవారు కొందరు. నెల్లూరు వెళ్లి మైపాడులో మునిగి వచ్చేవారు కొందరు. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానం పుణ్యమని కుటుంబాలతో బయలుదేరేవారు మరికొందరు. ఇక కాలేజీ కుర్రాళ్లకు విశాఖపట్నం ఉండనే ఉంది. అక్కడి ఋషికొండ తీరంలో ఈ మధ్య కాలంలో ఒక కొత్త వినోదం కంటబడుతోంది. పొడుగాటి పలక మీద నిలబడి, పరుగెత్తి వచ్చే కెరటం మీద సవారీ చేస్తూ ఒడ్డుకు జారి వచ్చే యువకులను చూసి జనం నోరు వెళ్లబెడుతున్నారు. దీన్నే సర్ఫింగ్ అంటారు. సెల్‌ఫోన్లలో ఈ దృశ్యాలు చూసిన మన కుర్రాళ్లు, ఈత వచ్చు గదా, మనకీపాటి చేతకాదా అనుకోవడం సహజం. అయితే ఈ విద్యలో ఆరితేరినవారు సైతం ఇసుక ఒడ్డున విరిగే పెద్ద కెరటమంటే జంకుతారు. ఆ జంకు వెనుక ఉన్న సంగతులు పలక ఎక్కేవారికే గాక, స్నానానికి దిగే ప్రతివారికీ అవసరమైనవి.

కెరటం ఎందుకు విరుగుతుంది?

మన తీరానికి వచ్చే అలలన్నీ ఇక్కడ పుట్టినవి కావు. దగ్గరి గాలికి లేచే అలలు ఐదారు సెకన్లకు ఒకటి చొప్పున చిందర వందరగా వస్తాయి. వీటిలో బలం తక్కువ. దక్షిణాన హిందూ మహాసముద్రంలో వేల కిలోమీటర్ల దూరాన పెనుగాలులకు పుట్టిన అలలు వేరు. ఇవి దారిలో సర్దుకొని, పన్నెండు, పదిహేను సెకన్లకు ఒకటి చొప్పున బారులు తీరి వస్తాయి. ఒడ్డున గాలి కూడా ఆడని రోజున ఉన్నట్టుండి పెద్ద కెరటాలు రావడానికి ఇదే కారణం. ఆకాశం నిర్మలంగా ఉంది గనుక సముద్రం కూడా శాంతంగా ఉందనుకోవడం పొరపాటు.

లోతు నీటిలో అల నిశ్శబ్దంగా సాగిపోతుంది. ఒడ్డు చేరువై లోతు తగ్గేకొద్దీ దాని వేగం తగ్గుతుంది. వెనుక వచ్చే నీరు ముందరి నీటిని అందుకుంటుంది. అల పొడవు కుంచించుకొని ఎత్తు పెరుగుతుంది. ఎత్తుకు తగిన లోతు లేనప్పుడు శిఖరం ముందుకు తూలి విరుగుతుంది. నాలుగడుగుల కెరటం సుమారు ఐదడుగుల నీటిలో విరుగుతుందని లెక్క. అంటే సరిగ్గా మన కోనేటి లోతులోనే! కోనేటిలో ఆ లోతు పసివాళ్లకు తప్ప పెద్దలకు భయం కలిగించదు. సముద్రంలో అదే లోతున టన్నుల కొద్దీ నీరు నెత్తిన పడుతుంది. ఒక ఘనపు మీటరు సముద్రపు నీటి బరువు వెయ్యి కిలోలకు పైమాటే.

నేల వాలు మెల్లగా ఉన్నచోట కెరటం నురగలు కక్కుతూ నెమ్మదిగా అలసిపోతుంది. లోతు నుండి ఒక్కసారిగా మెరక తగిలిన చోట గోడలా లేచి, గొట్టంలా చుట్టుకొని, దభాలున కూలుతుంది. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండకు దక్షిణాన ఉన్న యారాడ తీరం అందానికి ఎంత పేరు పొందిందో, స్నానానికి అంత అపాయకరమైనది. అక్కడ కెరటాలు ఒడ్డుకు దగ్గరగా వచ్చి బలంగా విరుగుతాయి.

ఇసుక మేటలు, నీటి గండ్లు

ఒడ్డుకు కొంత దూరాన నీటి అడుగున ఇసుక మేటలు ఉంటాయి. కెరటాలు మొదట విరిగేది వాటి మీదనే. రాతి మీద విరిగే కెరటం ఏళ్ల తరబడి ఒకే చోట విరుగుతుంది. ఇసుక సంగతి అలా కాదు. ఒక్క తుఫానుకు మేట చోటు మారుతుంది. నైరుతి ఋతుపవన కాలంలో మన తీరం వెంబడి ఇసుక ఉత్తరానికి సాగుతుంది. ఈశాన్య కాలంలో దక్షిణానికి మళ్లుతుంది. కనుక పోయిన ఏడాది మునిగిన చోటే గదా అని ధీమాగా దిగడానికి వీలు లేదు.

అన్నిటికంటె పెద్ద గండం మరొకటుంది. విరిగిన కెరటాలు తోసుకొచ్చిన నీరంతా మేటకూ ఒడ్డుకూ నడుమ పోగుపడుతుంది. అది తిరిగి సముద్రంలోకి పోవాలి. నిండిన చెరువుకు కట్ట ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ గండి పడడం సీమ రైతుకు తెలియనిది కాదు. ఇక్కడా అంతే. మేటలో సందు ఉన్న చోట నీరంతా ఒక్క పాయగా కూడి లోపలికి ఉరుకుతుంది. ఉధృతంగా ఉన్నప్పుడు ఈ పాయ వేగం సెకనుకు రెండు మీటర్లు కూడా దాటుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా ఈతగాడు పాన్ ఝాన్లె 100 మీటర్లను 46.40 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అతని వేగమే సెకనుకు రెండు మీటర్ల పైచిలుకు. అటువంటప్పుడు ఆ పాయకు ఎదురీది ఒడ్డు చేరడం మానవమాత్రులకు సాధ్యమయ్యే పని కాదు.

విచిత్రమేమంటే ఈ గండి పైకి ఎంతో శాంతంగా కనిపిస్తుంది. రెండు పక్కలా తెల్లని నురగ, నడుమ నల్లగా, అలలు లేని నీరు. తెలియనివారు, పిల్లలకు ఇదే మంచి చోటని అక్కడే దింపుతారు. తెలిసినవారికి అది లోపలికి పోయే బాట.

పలక మీద సవారీ

ఆరితేరిన సర్ఫర్ ఒడ్డు చేరగానే నీటిలోకి ఉరకడు. ముందు ఒక అరగంట ఇసుకలో కూర్చుంటాడు. కెరటాలు జట్లు జట్లుగా వస్తాయి గనుక జట్టుకు ఎన్ని, రెండు జట్ల నడుమ విరామమెంత, మేట ఎక్కడ, గండి ఎక్కడ అని లెక్క చూసుకుంటాడు. గోడ కూలినట్లు ఒక్కపెట్టున విరిగే కెరటం సవారీకి పనికిరాదు. ఒక కొసన మొదలై రెండో కొస దాకా వరుసగా విరుగుతూ పోయేది కావాలి. విరిగే చోటుకు ఒక్క అడుగు ముందుగా, ఇంకా విరగని నీటి వాలు మీద జారడమే ఈ విద్యలోని కిటుకు.

పలక మీద బోర్లా పడుకొని చేతులతో నీటిని తోసుకుంటూ లోపలికి పోవాలి. ఎదురు వచ్చే నురగ కిందుగా పలకతో సహా మునిగి ఆవల తేలాలి. తగిన కెరటం వెనుక నుండి లేచినప్పుడు నాలుగు బారలు బలంగా వేసి, అది పలకను ఎత్తిన క్షణంలో ఒక్క ఊపున లేచి నిలవాలి. ఒక్క లిప్త ఆలస్యమైతే శిఖరంతో పాటు కిందికి పడక తప్పదు. అడుగున ఉన్న తడి ఇసుక చదును చేసిన సిమెంటు నేలకు తీసిపోదు. అందుకే నేర్పరులు ఎన్నడూ తల ముందుగా దూకరు. వెడల్పుగా పడి, రెండు చేతులతో తల కాచుకుంటారు. నీరు గిరగిర తిప్పుతున్నంత సేపు పెనుగులాడక ఊపిరి బిగబట్టి, పట్టు సడలినాకనే పైకి వస్తారు. పలక జారి ఇతరులకు తగలకుండా దాన్ని తాడుతో కాలి మడమకు కట్టుకుంటారు. ఒక కెరటానికి ఒక్కరే అన్నది కట్టుబాటు. విరిగే చోటుకు ఎవరు దగ్గరగా ఉంటే ఆ కెరటం వారిది.

ఇటువంటి బలమైన ఇసుక తీరాలలో లోకంలో పేరెన్నిక గన్నవి మెక్సికోలోని ప్యూర్టో ఎస్కాండిడో, ఫ్రాన్సులోని హోసెగోర్. హోసెగోర్ సమీపాన సముద్ర గర్భంలో ఒక పెద్ద లోయ ఉంది. ఆ లోయ మూలంగా అలల బలం తగ్గకుండా ఒడ్డు దాకా వస్తుంది. అక్కడ పలకలు రెండు ముక్కలు కావడం కద్దు. కొత్తవారు నురగలో నేర్చుకోవలసిందే తప్ప అటువంటి చోటికి పోరాదని అనుభవజ్ఞుల హితవు.

ఈ ఆటకు పుట్టినిల్లు పసిఫిక్ దీవులు. హవాయికి చెందిన డ్యూక్ కహనమోకు దీన్ని బయటి లోకానికి చాటిన వారిలో ముఖ్యుడు. ఈయన 1912, 1920 ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఈతలో బంగారు పతకాలు గెలిచిన ఈతగాడు. అంతటివాడికి సైతం ఈతతో పాటు కెరటం చదువు కూడా బాల్యం నుండి అబ్బినదే.

మనవారికి కొత్త విద్య కాదు

పలక కొత్తదే గాని, కెరటం మీద ఒడ్డుకు రావడం మన కోస్తా జాలరులకు తరతరాల విద్య. నాలుగైదు దుంగలు కట్టిన తెప్ప మీద మోకాళ్లూని, తెడ్డు వేస్తూ, వెనుక కెరటాన్ని కనిపెట్టి దాని ఊపు మీదనే ఇసుక ఎక్కేవారు. దుంగల సందుల్లో నీరు జారిపోతుంది గనుక తెప్ప మునగదు. మోటారు పెట్టిన ఫైబరు పడవలు వచ్చాక తెప్పలు చాలావరకు మూలపడ్డాయి.

మద్రాసుకు రేవు లేని కాలంలో ఓడలు దూరాన లంగరు వేసేవి. ప్రయాణికులనూ, సరకునూ ఒడ్డుకు చేర్చే భారం మసూలా పడవలది. ఈ పేరు మచిలీపట్నం మీదుగా వచ్చిందని ఒక వాదన. ఈ పడవలో మేకు అన్నది ఉండదు. పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టేవారు. కెరటం కొట్టినప్పుడు బిగుసుకున్న పడవ పగులుతుంది, కుట్టిన పడవ ఒంగి తట్టుకుంటుంది. పడవ పెద్ద కెరటాల వరుస బయట ఆగి, అదను చూసి కేక వేసేదాకా తెడ్డు కదిలేది కాదు. నీటిలో పడినవారిని అందుకోవడానికి పక్కనే తెప్పలు వెంట వచ్చేవి. ప్రాణాలు కాపాడిన తెప్పల వారికి నాటి ప్రభుత్వం పతకాలు సైతం ఇచ్చింది. కట్టుబడిలో ఉన్న రేవు గోడలనే 1881 తుఫాను కూలదోసిందంటే ఆ సముద్రం బలం ఊహించవచ్చు.

ఆ వారసత్వమే నేడు మరో రూపంలో పైకి వస్తోంది. చెన్నైకి దక్షిణాన ఉన్న కోవళంలో జాలరి యువకులు పలక పట్టి పేరు తెచ్చుకున్నారు. అక్కడ 2013లో తొలి సర్ఫింగ్ ఉత్సవం జరిగింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో సర్ఫింగ్‌కు తొలిసారి చోటు దక్కింది. 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా పోటీలలో రమేష్ బుధియాల్ కాంస్య పతకం గెలిచాడు. మన తీరపు పిల్లలకు కూడా శిక్షణ, పలకలు అందితే రాణించగలరనడంలో సందేహం లేదు.

దిగేముందు ఒక్క మాట

పలక పట్టినా, పట్టకపోయినా జాగ్రత్తలు ఒక్కటే. ముందు ఒడ్డున ఉన్న జాలరులను అడిగి, వారు వద్దన్న చోట దిగరాదు. ఎర్ర జెండా దాటి పోరాదు. తాగి నీటిలోకి పోవడం చావును పిలవడమే. కెరటానికి వీపు చూపరాదు. లోపలికి లాగే పాయలో చిక్కితే ఎదురీదకూడదు. ఆ పాయ మనిషిని అడుగుకు లాగదు, ముందుకు మాత్రమే తీసుకుపోతుంది. కంగారు పడక వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేక వేయాలి. సత్తువ ఉంటే ఒడ్డుకు అడ్డంగా, పక్కకు ఈదాలి. పాయ దాటి, కెరటాలు విరిగే చోటుకు చేరితే ఆ కెరటాలే ఒడ్డుకు తోస్తాయి. మునిగేవారిని కాపాడబోయి తామూ మునిగేవారు ఎందరో. తాడు గాని, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా గాని విసరడం మేలు. వెంటనే 112కు ఫోను చేయాలి.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రం పోటెత్తే రోజులను ముందుగానే గుర్తించి హెచ్చరికలు ఇస్తోంది. ఈ హెచ్చరికలు తీరం ఊళ్లకు చేరుతున్నాయి గాని, విహారయాత్రకు బస్సు కట్టుకొని బయలుదేరే సీమ వాసుల చెవిన పడడం లేదు. కార్తీక పౌర్ణమి సరిగ్గా బంగాళాఖాతంలో తుఫానులు లేచే కాలంలో వస్తుందన్న సంగతి మరువరాదు. కాలేజీలు యాత్రకు పిల్లలను తీసుకుపోయే ముందు ఆనాటి హెచ్చరిక చూడడం, వెంట వెళ్లే ఉపాధ్యాయులకు గండి సంగతి తెలియజేయడం ఖర్చు లేని పనులు. యాత్రికులు దిగే ప్రతి తీరంలోనూ గజ ఈతగాళ్లను, తాళ్లను, తెలుగులో రాసిన హెచ్చరిక బోర్డులను ఏర్పాటు చేయడం అధికారుల కనీస బాధ్యత. నంద్యాల బస్టాండు, రైల్వే స్టేషన్లలోనూ, యాత్రికులు నిత్యం వచ్చే మహానందిలోనూ ఇటువంటి బోర్డు ఒక్కొక్కటి పెట్టించినట్లయితే కొన్ని ఇళ్ల దీపాలైనా ఆరకుండా నిలుస్తాయి.